మొదటి పేజీకి ఒక్క ఫోటో

శనివారం సాయంత్రం ఐదులోగా చెయ్యాల్సిన పనులు:

ఒకటి, మా కుర్చీల వెబ్‌సైటు మొదటి పేజీకి ఒక్క ఫోటో ఖాయం చెయ్యడం.

రెండు, మిగిలిన తొమ్మిదింటినీ ఎందుకు వద్దన్నానో నాన్నకి నచ్చజెప్పడం.

మూడు, పిన్నికి బాబాయి ఫోటో ప్రింటు తియ్యడం.

నాలుగు, అక్షరాల సైజు ఇంకాస్త తగ్గించడం.

ఐదు, షోరూం ఆయన ఫోన్ చేస్తే తియ్యడం.

కంప్యూటర్ పక్కన గోడకి అంటించిన కాగితం ఇది. పిన్ని ఫోటో అడిగిన ఈ తొమ్మిది రోజుల్లో ఇలాంటివి నాలుగు మారాయి. అయిన పని కొట్టేయడం, మిగిలినవాటితో కొత్త కాగితం రాసుకోవడం నా అలవాటు. మూడో పని మాత్రం నాలుగు కాగితాల్లోనూ మూడోదిగానే ఉండిపోయింది.

పది గంటలకి నాన్న చిత్రిక పట్టడం ఆపి నా మూలకి వచ్చాడు. చేతులకి జిగురు ఉందని దేన్నీ ముట్టుకోకుండా మోచేత్తో స్టూలు జరుపుకుని కూర్చున్నాడు.

"ఏదీ, చూపించు."

చూపించాను. బూడిదరంగు గోడ. ఎడమ వైపు కిటికీలోంచి పడుతున్న వెలుగు. ఆ వెలుగులో ఒక పేము కుర్చీ. కుడి వైపంతా ఖాళీ. ఖాళీ మధ్యలో చిన్న అక్షరాలతో ఒకే ఒక్క వరస: చేతితో అల్లిన కుర్చీలు.

నాన్న కాసేపు ఎదురుచూశాడు.

"ఇంకా వస్తోందా?" అన్నాడు.

"ఏంటి?"

"బొమ్మ. సగమే వచ్చినట్టుంది."

"అంతే నాన్నా. అయిపోయింది."

"సగం షాపు ఖాళీగా పెట్టుకుని వ్యాపారం చేసేవాణ్ణి నేనెక్కడా చూడలేదమ్మా."

"ఖాళీ ఉంటేనే కన్ను కుర్చీ మీదకి వెళ్తుంది."

"నా కన్ను ఖాళీ మీదకే వెళ్తోంది మరి."

ఆఫీసులో నాకు పని నేర్పిన సీనియర్ని అందరం చాటుగా సున్నా సార్ అంటాం. ఏం చూపించినా ఆయన అడిగేది ఒక్కటే. ఉంచడానికి కారణం చెప్పు, తియ్యడానికి కారణం అక్కర్లేదు. ఆ మాట నేను ఇంటికి మోసుకొచ్చాను. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, నేను మోసుకొచ్చిన మాటని కాదనేవాళ్లు లేరు.

"ఆ గులాబీలది బాగుంది కదమ్మా? పూలకుండీ పక్కన వాలుకుర్చీ."

"అందులో పూలే కనిపిస్తాయి నాన్నా. కుర్చీ పూలకి కాపలా ఉన్నట్టుంది."

"పోనీ షోరూం ఆయన పంపింది? నలుగురు నవ్వుతూ కూర్చుంటారు చూడు."

"అది ఎవరో అమ్ముకునే ఫోటో. ఆ నలుగురూ పళ్లపొడి ప్రకటనలో ఇలాగే నవ్వుతారు, బ్యాంకు ప్రకటనలో ఇలాగే నవ్వుతారు. చూసేవాడికి ముందు వాళ్ల పళ్లు కనిపిస్తాయి. పైగా వాళ్లు కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీల్లో."

నాన్న కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ చూశాడు.

"ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అంత నవ్వా," అన్నాడు.

బాబాయి పోయిన ఈ రెండు నెలల్లో నాన్న నోట్లోంచి వచ్చిన మొదటి హాస్యం అది. నేను నవ్వేలోపే ఆయన మొహం మామూలైపోయింది.

"సరే, నీకు తెలుసు. తమ్ముడి ఫోటో సంగతేంటి?"

"ఆఫీసులో ప్రింటు మిషన్ ఇంకా బాగవలేదు నాన్నా."

"ఏ మిషనో ఏంటో. వేరే షాపులో తీయించు. ఫ్రేము చూశావుగా."

ఫ్రేము నేను చూడకుండా ఉండే వీలు లేదు. బాబాయి కూర్చునే ముక్కాలి పీటకి పైన, పనిగది ఎదురుగోడకి వేలాడుతోంది. కుర్చీ కాళ్లకని దాచిన మంచి చెక్కలోంచి ముక్క కోసి నాన్న స్వయంగా చేశాడు. అద్దం వేశాడు. లోపల ఏమీ లేదు. వెనక అట్ట కనిపిస్తుంది. పిన్ని రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఆ అద్దాన్ని తుడుస్తోంది.

"వాడికి ఫోటో దిగడం ఇష్టం లేదు కాబట్టి గానీ," అంటూ నాన్న లేచాడు. "పనిలో ఉండగా తీసింది ఒక్కటే ఉంది. జాగ్రత్త."

ఆ ఒక్కటి లేదని నాన్నకి తెలియదు. పిన్నికీ తెలియదు. తొమ్మిది రోజులుగా తెలిసింది నాకు ఒక్కదానికే.

మా పనిగదిలో ఒక నియమం ఉంది. అది బాబాయి పెట్టింది. సాయంత్రం పని ఆపేటప్పుడు బల్ల మీద ఏమీ మిగలకూడదు. పేము తుంపులు, చెక్కపొట్టు, పనికిరాని బద్దలు అన్నీ ఊడ్చి పారేయాలి. అయిన కుర్చీ ఒక్కటే ఉండాలి. "మిగుళ్లు చూస్తే రేపటి చెయ్యి తడబడుతుంది," అనేవాడు. చిన్నప్పటి నుంచి ఆ బల్ల ఊడ్చిందాన్ని నేనే. కంప్యూటర్ కొనుక్కున్నాక కూడా అలాగే చేశాను. పని అయ్యాక తయారైన ఫోటో ఒక్కటి ఉంచి, దానికి ముందువన్నీ తుడిచేసేదాన్ని. ఆఫీసులో ఎవరూ అలా చెయ్యరు. అసలు ఫోటో ఎవరైనా దాచుకుంటారు. నాకు అది బల్ల మీద మిగిలిన పొట్టులా కనిపించింది.

ఈ కుర్చీ ఫోటోలో మొదట బాబాయి ఉన్నాడు. ఆయన పోవడానికి నెల ముందు తీశాను. కుడి వైపు పీట మీద వంగి అల్లుతున్నాడు. కుర్చీ ఒక్కటే మిగిలేలా ఆయన్ని తియ్యడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు నా వెనక నిలబడి ఆయనే చూశాడు.

"నన్ను శుభ్రంగా తుడిచేశావే అమ్మాయ్," అన్నాడు.

"ఉండమంటావా బాబాయ్?"

"నేనెందుకు. ఇప్పుడు కుర్చీ కనిపిస్తోంది. బాగుంది."

ఆ సాయంత్రం పని అయింది కాబట్టి బల్ల ఊడ్చాను.

నెల తర్వాత, మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు.

కంప్యూటర్లో తుడిచేసిన ఫైళ్లు వెనక్కి తెచ్చే అతని దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. రెండోసారి అతను కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అప్పుడే అర్థమైంది. "ఆ చోట వేరేవి రాసేశారమ్మా," అన్నాడు. "ఖాళీగా వదిలేసి ఉంటే దొరికేది."

పిన్ని మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. పేము బద్దలు గంగాళంలో నానేసి వస్తోంది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. అప్పటి నుంచి నాకు జడ వేసిన చేతులు అవే.

"అమ్మాయ్, ప్రింటు వద్దులే," అంది. "మీ మిషన్ బాగయ్యేసరికి నేను ముసలిదాన్నవుతాను. ఇందులో ఉంటుంది కదా. ఒక్కసారి చూసి పోతాను."

"పిన్నీ, ఐదింటికి షోరూం ఆయన..."

"ఒక్క నిమిషం పడుతుందా? నొక్కితే వస్తుంది కదా. నువ్వే చెప్పావు."

"గుర్తింపు కార్డు ఫోటో పెద్దది చేయిస్తాను పిన్నీ. బాగా వస్తుంది."

"ఆ కార్డులో మనిషి ఏదో దొంగతనం చేసి దొరికినట్టున్నాడు. పెళ్లి ఫోటోలోవాడు ఎవరి పిల్లాడో. నాతో ఇరవయ్యారేళ్లు కాపురం చేసినాయన కావాలి నాకు. పనిలో ఉన్నాడే, అది."

నొక్కాను. కుర్చీ వచ్చింది.

నా పక్క కుర్చీలో కూర్చున్న పిన్ని ముందుకి వంగింది. మొహంలో చిన్న వెలుగు వచ్చింది.

"ఆ, ఇదే. ఈ కుర్చీయే. ఆయన ఇటు కూర్చున్నాడు. కొంచెం జరుపు."

కిటికీలోంచి తొంగి చూస్తున్నట్టు ఆవిడ తల పక్కకి వంచింది. ఫోటోని జరిపితే ఆయన కనిపిస్తాడని అనుకుంటోంది.

"జరపడానికి లేదు పిన్నీ."

"లేదంటే?"

"ఇంతే ఉంది."

"ఆయనేడి?"

చెప్పాను. తొమ్మిది రోజులు రకరకాలుగా అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు. తీసేశాను, అసలుది దాచలేదు, ఇప్పుడు దొరకదు. మూడు మాటల్లో అయిపోయింది.

పిన్ని కుర్చీలో వెనక్కి వాలలేదు. ముందుకి వంగినది వంగినట్టే ఉంది. అవతల నాన్న చిత్రిక చప్పుడు ఆగిపోయింది. మా మూలకీ పనిగదికీ మధ్య ఉన్నది ఒక పలుచటి చెక్క గోడ.

"ముందు ఏం తీశావు?" అంది పిన్ని.

"ఏంటి?"

"ఒక్కసారిగా పోడు కదా మనిషి. ముందు ఏం తీశావు?"

"చెయ్యి."

"ఏ చెయ్యి?"

"ఎడం చెయ్యి. కుర్చీకి అడ్డంగా ఉంది."

"తర్వాత?"

"పీట. కాళ్లు. చొక్కా."

"ఏ చొక్కా?"

"నీలం గళ్లది."

"మోచేతి దగ్గర కుట్టాను దానికి," అంది పిన్ని. "కుట్టు కనిపించిందా?"

"కనిపించింది."

"మొహం?"

"చివర తీశాను పిన్నీ."

"నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడు. పళ్ల మధ్య కర్రమేకు ఉంది."

పిన్ని తలూపింది. తనకి తెలిసిన మనిషి గురించి ఎవరో సరిగ్గా చెబుతున్నప్పుడు ఊపినట్టు ఊపింది.

"ఆయన చూశాడు పిన్నీ. బాగుందన్నాడు."

"అంటాడు. ఆయన్ని తీసేస్తే ఆయన బాగుందనే అంటాడు. నన్ను అడగాల్సింది."

నేను మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాను.

"ఇక్కడేం రాశావు?" తడి వేలు ఖాళీ మధ్యలో పెట్టింది.

"చేతితో అల్లిన కుర్చీలు."

"ఆయన కూర్చున్నది ఇక్కడే కదా?"

"ఇక్కడే."

వేలు తీసింది. తెర మీద చిన్న తడిమచ్చ మిగిలింది. తుడవబోయి మానేశాను.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు.

"నీ కాలేజీ దరఖాస్తు ఫారం కోసం వాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడ్డాడు," అన్నాడు. "నాకు వెళ్లాలని తోచలేదు. చదువు గురించి నాకేం తెలుసు. వాడు వెళ్లాడు."

"బావగారూ, ఇప్పుడు అవన్నీ ఎందుకు," అంది పిన్ని.

"ఎందుకంటే..." అని నాన్న ఆగాడు. ఆయన కళ్లు ఎదురుగోడ మీద ఫ్రేము వైపు వెళ్లాయి. "ఏం లేదు," అని లోపలికి వెళ్లిపోయాడు.

తిడతాడనుకున్నాను. తిడితే ఏడవచ్చనుకున్నాను. చిత్రిక చప్పుడు మళ్లీ మొదలైంది. ఆ బల్ల మీద ఉన్న చెక్క పొద్దున్నే నున్నగా అయిపోయిందని నాకు తెలుసు. అయినా చిత్రిక పడుతూనే ఉన్నాడు.

పిన్ని వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. మళ్లీ తెర వైపు వంగింది. ఇప్పుడు ఆవిడ చూపు వేరేగా ఉంది. కుర్చీని అల్లేవాళ్లు చూసే చూపు అది. నాలుగు మూలలూ, ఒక్కో రంధ్రమూ లెక్కపెడుతూ పోతోంది.

"ఇది తియ్యలేదేం?"

"ఏది?"

"ఈ మేకు."

వెనక కుడి మూల రంధ్రంలో గోరంత కర్రమేకు పొడుచుకుని ఉంది. అల్లుతున్నప్పుడు తడిబద్ద జారిపోకుండా రంధ్రంలో బిగిస్తారు దాన్ని. అల్లిక పూర్తయ్యాక పీకేస్తారు. నాన్న కోసి పారేసిన ముక్కలు ఏరుకుని బాబాయే చెక్కుకునేవాడు ఆ మేకుల్ని. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి నా కన్ను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కుర్చీలో భాగమే అనుకుంది.

"గమనించలేదు పిన్నీ."

"చివరి బద్ద ఇంకా ముడి వెయ్యలేదు అప్పటికి," అంది పిన్ని. "అదుగో, కొస వేలాడుతోంది చూడు. నువ్వు ఫోటో తీశాక వేసుంటాడు."

అప్పుడే ఫోన్ మోగింది. షోరూం ఆయన. ఆయన మూడు దుకాణాలకి మా కుర్చీలు తీసుకోవాలా వద్దా అన్నది ఈ పేజీ చూసి ఈ సాయంత్రం తేల్చుకుంటానన్నాడు. పొద్దున్నే ఆయనకి నమూనా పంపాను. కంగారులో స్పీకరు నొక్కాను.

"చూశానమ్మా. చాలా బాగుంది. ప్రశాంతంగా ఉంది. నేను పంపిన నవ్వుల ఫోటో కంటే ఇదే నయం, ఒప్పుకుంటున్నాను. ఒక్కటే లోపం. వెనక మూల ఏదో పుల్లలా కనిపిస్తోంది. కొన్నవాడు గుచ్చుకుంటుందేమో అనుకుంటాడు. అది తీసేస్తే ఇక పూర్తయినట్టే. ఐదింటికి మా వాళ్లందరికీ చూపిస్తాను."

"అలాగేనండి," అన్నాను. నోటికి అలవాటైన మాట.

ఫోన్ పెట్టేశాక పిన్ని అడిగింది.

"అది తియ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"అర నిమిషం."

"ఆయనకి?"

"మూడు రోజులు పట్టింది పిన్నీ."

పిన్ని లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు సరిచేసుకుంది. బల్ల అంచు ఆనుకుంది.

"పూర్తయిన కుర్చీకి మేకు ఉండకూడదు," అంది. "ఉంచితే ఆయనే ఊరుకోడు."

"అయితే తీసెయ్యమంటావా?"

"నన్నిప్పుడు అడుగుతున్నావా?"

నేను తల దించుకున్నాను.

"నీ ఇష్టం. చదువుకున్నదానివి."

నన్ను కాలేజీకి పంపేటప్పుడు ఇరుగుపొరుగుకి గర్వంగా చెప్పుకున్న మాట అది. అదే మాట, అదే నోటితో. పిన్ని పనిగదిలోకి వెళ్లి, పీట మీదకి ఎక్కి, గోడకి ఉన్న ఫ్రేము దింపింది. కొంగుతో అద్దం తుడిచింది. చంకలో పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. నాన్న చూశాడు. అడగలేదు. గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది.

నాలుగున్నర దాకా అలాగే కూర్చున్నాను. కాగితం మీద మూడో పనిని కొట్టేయాలో అలాగే ఉంచాలో తెలియలేదు. మౌస్ బాణం ఆ మూల రంధ్రం మీద పెట్టాను. అర నిమిషం పని. ఆ కుర్చీ అమ్ముడుపోయి ఎవరింట్లోనో ఉంది. దాని మేకు బాబాయే ఎప్పుడో పీకేసి ఉంటాడు. ఈ ఫోటోలో మాత్రం ఆయన చెయ్యి పెట్టిన చోట అది అలాగే ఉంది. మూడు రోజులు వెతికి వెతికి తుడిచిన నాకు దొరక్కుండా మిగిలింది అదొక్కటే.

ఉంచడానికి కారణం చెప్పు అంటాడు సున్నా సార్. కారణం ఉంది. షోరూం ఆయనకి ఫోన్లో చెప్పగలిగేది కాదు.

ఐదుకి ఐదు నిమిషాల ముందు, మేకుతో సహా, పేజీ పెట్టేశాను. తర్వాత అలవాటు కొద్దీ మిగిలిన ఫైళ్లు తుడవబోయి చెయ్యి ఆపుకున్నాను. మా బల్ల మీద మిగుళ్లు ఉండిపోయిన మొదటి సాయంత్రం అది.

నాన్నకి చెప్పాలి. మూడు దుకాణాలు చేజారితే, అది నా వల్లేనని చెప్పాలి. చిత్రిక చప్పుడు ఆగాక చెబుదామనుకున్నాను. అది ఆగలేదు.

ఐదున్నర అయింది. ఫోన్ మోగలేదు. గంగాళంలో పేము బద్దలు నానుతూనే ఉన్నాయి. అల్లడానికి పిన్ని రాలేదు. ఇంట్లో ఆవిడ గది తలుపు వేసి ఉంది. ఆ ఖాళీ ఫ్రేముని లోపల ఏం చేస్తోందో తెలియదు. తలుపు కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఎప్పుడైనా ఈ పేజీ మీ కంటపడితే ఒక్క సాయం చెయ్యండి. బూడిదరంగు గోడ ముందు ఒంటరి కుర్చీ కనిపిస్తుంది. వెనక కుడి మూల పుల్లలా ఉన్నది లోపం కాదు. దాని పక్కన అక్షరాలున్న చోట ఒకాయన కూర్చునేవాడు. ఎడం చేతివాటం మనిషి. నీలం గళ్ల చొక్కా, మోచేతి దగ్గర కుట్టు. పళ్ల మధ్య మేకు పెట్టుకుని కూడా నవ్వగలిగేవాడు. ఆయన్ని అక్కడి నుంచి తీసేసింది నేను. తిరిగి కూర్చోబెట్టడం నా చేతిలో లేదు. మీరు గుర్తుపెట్టుకోండి.